కల్చరల్ ఎక్స్చేంజ్ పేరుతో ఇంగ్లిష్ చెప్పడానికి విదేశం వెళ్లాలా? చిత్తూరు తమ్ముడి ప్రశ్నకు నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. ఎస్వీ యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లిష్, ఆ తర్వాత బీఈడీ, ఇప్పుడు చిత్తూరులో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు పాఠాలు. తిరుపతిలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు "కల్చరల్ ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్ కింద థాయ్‌లాండ్‌లో ఇంగ్లిష్ అసిస్టెంట్ టీచర్" అని రెండు లక్షలు అడుగుతున్నారు, సగం ఈ నెలాఖరులోపే కట్టాలంటున్నారు. కట్టొచ్చా, అసలు మనలాంటివాళ్లను ఇంగ్లిష్ చెప్పడానికి బయటి దేశాలవాళ్లు పిలుస్తారా, వెళ్తే అక్కడ క్లాసులో ఏం చేయాలి అని అడిగావు.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. కట్టొద్దు. వెళ్లాలన్న కోరిక మాత్రం మానుకోవద్దు, అది మంచి కోరికే. నేను థాయ్‌లాండ్ ఈశాన్యంలో, ఇసాన్ అంటారు ఆ ప్రాంతాన్ని, ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పి వచ్చినవాణ్ని. ఇప్పుడు తిరుపతిలోనే ఉంటూ బయటికి వెళ్లే టీచర్లకు ట్రైనింగ్ ఇస్తుంటాను. కాబట్టి చూసినవే చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

"కల్చరల్ ఎక్స్చేంజ్" అనే పేరు మీద మన ఊళ్లో మూడు రకాల సరుకు తిరుగుతోంది. ప్రభుత్వాలు నడిపేవి ఒక రకం. వాటికి గట్టి ఎంపిక ఉంటుంది, ఇంటర్వ్యూ ఉంటుంది, విమానం టికెట్, నెల ఖర్చు వాళ్లే ఇస్తారు. రెండో రకం వాలంటీరింగ్, విద్యార్థి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు పంపేవి, కొన్ని వారాలు ఉండి రావడం, ఖర్చు చాలావరకు నీదే, జీతం ఉండదు. మూడోది మామూలు ఉద్యోగం, దానికి ఎక్స్చేంజ్ అని బోర్డు తగిలించి అమ్ముతారు. నీకు చెప్పింది ఈ మూడోదే. మొదటిదానికి ఉన్న పరువు చూపించి మూడోదాన్ని అంటగడుతున్నారు. ఉద్యోగం తప్పని నేననను, నేను కూడా జీతానికే చేశాను, కానీ ఉద్యోగాన్ని ఉద్యోగంలాగే చూసి, జీతమెంత, వీసా ఏది, స్కూలు ఏది అని అడిగి వెళ్లాలి.

వాళ్లను ఒక్కటి అడుగు: "ఏ వీసా మీద పంపుతారు?" థాయ్‌లాండ్‌లో స్కూల్లో పని చేయాలంటే నాన్-ఇమిగ్రెంట్ బీ వీసా (ఉద్యోగానికిచ్చేది), దాని మీద వర్క్ పర్మిట్, ఆ పైన అక్కడి టీచర్ల కౌన్సిల్ (కురుసఫా అంటారు) లైసెన్సు గానీ తాత్కాలిక అనుమతి గానీ కావాలి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లను టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 600 స్కోరు గానీ దానికి సమానమైంది గానీ అడగడం అక్కడ మామూలు. ఇవేవీ చెప్పకుండా "ఇండియన్స్‌కి వీసా అక్కర్లేదు కదా, దిగండి, తర్వాత మార్పిస్తాం" అన్నారంటే అక్కడితో లేచి వచ్చెయ్. 2023 నవంబరులో మొదలైన ఆ వీసా మినహాయింపు టూరిస్టులకు. దాని మీద వెళ్లి క్లాసులో నిలబడితే, జీతం లేకుండా వాలంటీర్‌గా నిలబడినా సరే, అది చట్టవిరుద్ధమైన పనే. పట్టుకుంటే 5,000 నుంచి 50,000 బాత్‌ల దాకా జరిమానా, ఆపైన దేశం నుంచి పంపించేస్తారు. స్కూలుకు ఇంకో టీచరు దొరుకుతాడు, పాస్‌పోర్టు మీద ముద్ర పడేది నీకు.

ఇంకో భయం కూడా చెప్పాలి, టెన్షన్ పెట్టడానికి కాదు గానీ చెప్పకపోతే తప్పు. 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. థాయ్‌లాండ్‌లో దింపి అక్కడి నుంచి సరిహద్దు దాటించి మయన్మార్ తీసుకెళ్లిన కేసులూ ఉన్నాయి. ఇంగ్లిష్ బాగా వచ్చిన డిగ్రీ కుర్రాడు అంటే వాళ్లకు మరీ ఇష్టం. అందుకే స్కూలు పేరు, ఊరు, ప్రిన్సిపల్‌తో నేరుగా వీడియో కాల్, ఈ మూడూ లేకుండా అడుగు ముందుకు వేయకు. స్కూలు నిజమైనదైతే దానికో ఫేస్‌బుక్ పేజీ ఉంటుంది, థాయ్ స్కూళ్లు పొద్దున ప్రేయర్ ఫొటో కూడా వదలకుండా పెడతాయి, ఆ పేజీకి నువ్వే మెసేజ్ పెట్టి అడుగు. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొడితే తెలిసిపోతుంది. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన సర్వీసు ఛార్జీకి కూడా పరిమితి ఉంది, 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. రెండు లక్షలకు రసీదు ఏమని రాసిస్తారో అడిగి చూడు, ముఖం చూస్తేనే అర్థమైపోతుంది.

సరే, నిజమైన దారులేంటి?

నీ వయసుకు, చదువుకు నేను మొదట చెప్పేది ఫుల్‌బ్రైట్ ఎఫ్‌ఎల్‌టీఏ, అంటే అమెరికా ప్రభుత్వం నడిపే విదేశీ భాషా బోధన అసిస్టెంట్ల కార్యక్రమం. ఇందులో ఒక తిరకాసు ఉంది, చాలామంది అక్కడే పొరబడతారు. అమెరికా వెళ్లి నువ్వు ఇంగ్లిష్ చెప్పవు. ఇంగ్లిష్ టీచర్‌గా ఉన్నవాణ్ని తీసుకెళ్లి, అక్కడి యూనివర్సిటీలో మన భారతీయ భాషను అమెరికన్ పిల్లలకు చెప్పమంటారు. తొమ్మిది నెలలు, వారానికి ఇరవై గంటలకు మించకుండా బోధన, దాంతోపాటు సెమిస్టరుకు కనీసం రెండు కోర్సులు నువ్వూ చదవాలి, అందులో ఒకటి అమెరికా సమాజానికి సంబంధించింది. వయసు 21 నుంచి 29. ఏ భాషలకు పిలుస్తారన్నది ఏడాదికోసారి మారుతుంది కాబట్టి ఆ ఏటి ప్రకటన చూడాలి. ఇక్కడ ఆ వ్యవహారం చూసేది యూఎస్‌ఐఈఎఫ్ (యునైటెడ్ స్టేట్స్–ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్), 1950లో నెహ్రూ కాలంలో రెండు దేశాలూ రాసుకున్న ఒప్పందంతో పుట్టిన సంస్థ, హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది. సొంత భాషను కొత్తవాళ్లకు చెప్తే ఇంగ్లిష్ టీచర్‌కు ఏం ఒరుగుతుంది అంటావా? "నేను అన్నం తిన్నాను", "నాకు ఆకలేసింది" — ఒకచోట "నేను", ఇంకోచోట "నాకు" ఎందుకని ఇరవై ఏళ్ల కుర్రాడు అడిగినప్పుడు నోరు వెళ్లబెడతాం చూడు, అప్పుడు తెలుస్తుంది మన పదో తరగతి పిల్లలు ఇంగ్లిష్ వ్యాకరణం ముందు ఎలా నిలబడతారో. తిరిగొచ్చాక నువ్వు చెప్పే పాఠమే వేరుగా ఉంటుంది. ఒక్క షరతు గుర్తుంచుకో, అది జే-1 అనే ఎక్స్చేంజ్ వీసా, అయిపోయాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన వర్తిస్తుంది. అటునుంచి అటే స్థిరపడదామనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. ఇంకొకటి, 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వం ఈ ఎక్స్చేంజ్ నిధులను కొంతకాలం ఆపేసింది, కాబట్టి పాత నోటిఫికేషన్ల స్క్రీన్‌షాట్లు నమ్ముకోకుండా ఆ ఏడాది తెరిచారో లేదో చూసుకున్నాకే ఆశ పెట్టుకో.

జపాన్ జెట్ ప్రోగ్రామ్ గురించి అందరూ అడుగుతారు. 1987లో మొదలైంది, స్థానిక ఇంగ్లిష్ టీచరు పక్కన విదేశీ అసిస్టెంటును నిలబెట్టే పద్ధతికి ప్రపంచంలో అంత పెద్దది ఇంకోటి లేదనే చెప్పాలి. మన దేశం నుంచి తీసుకునేది బహు తక్కువ. ఢిల్లీలోని జపాన్ రాయబార కార్యాలయం ప్రకటన వేస్తే దరఖాస్తు పెట్టు, వేయకపోతే ఆ ఏటికి లేనట్టే. కొరియాది ఇంకో కథ. వాళ్ల ప్రభుత్వ స్కూళ్ల పథకం ఎపిక్‌కు ఇంగ్లిష్ మాతృభాషగా లెక్కగట్టిన ఏడు దేశాలవాళ్లే అర్హులు. కానీ 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత్–కొరియా వాణిజ్య ఒప్పందం సెపాలో టీచర్ అర్హత ఉన్న భారతీయులకు ఇంగ్లిష్ అసిస్టెంట్‌గా ఈ-2 వీసా (విదేశీ భాష చెప్పేవాళ్లకిచ్చేది) ఇచ్చే వీలు పెట్టారు. దారి ఉందన్నమాట నిజమే, ఆ దారిన పిలిచే స్కూళ్లు మాత్రం అరుదు. అయినా నీ బీఈడీ విలువ ఎక్కడుందో చూపించడానికి చెప్తున్నాను. వారాంతంలో ఆన్‌లైన్‌లో కొనుక్కునే టెఫల్ (విదేశీయులకు ఇంగ్లిష్ చెప్పే శిక్షణ) సర్టిఫికెట్ కంటే దాని బరువు ఎక్కువ. మీ కన్సల్టెన్సీ వాళ్లు ఆ టెఫల్‌ను కూడా ప్యాకేజీలో కలిపి ఉంటారు, కదూ?

మనవాళ్లకు అసలు తెలియని సంగతి ఒకటుంది. ఇంగ్లిష్ చెప్పడంలో ఇతర దేశాలకు సాయం చేసేది బ్రిటన్, అమెరికాలే అనుకుంటాం, మన దేశం కూడా చాలాకాలంగా ఆ పని చేస్తోంది. హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది చూడు, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ అని పెట్టారు, మన పాత మాస్టార్లకు సీఫెల్ అంటేనే తెలుస్తుంది. ఇతర దేశాలవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి మన ప్రభుత్వం 1964లో మొదలుపెట్టిన ఐటెక్ పథకం కింద ఆసియా, ఆఫ్రికా దేశాల టీచర్లు, ఉద్యోగులు అక్కడికి వచ్చి ఇంగ్లిష్ కోర్సులు చేసి వెళ్తుంటారు. కంబోడియా, లావోస్, మయన్మార్, వియత్నాంలలో భారత ప్రభుత్వం పెట్టిన ఇంగ్లిష్ శిక్షణ కేంద్రాల వెనక ఉన్నది కూడా ఇఫ్లూనే. ఏ చోట మోసగాళ్లు మన కుర్రాళ్లను బంధిస్తున్నారో అదే కంబోడియాలో మన ప్రభుత్వం ఇంగ్లిష్ కేంద్రం పెట్టింది, చిత్రం కదా. నీకు ఇంగ్లిష్ బోధన మీదే జీవితం గడపాలని ఉంటే ఇఫ్లూలో చేరి పీజీ డిప్లొమా గానీ పీహెచ్‌డీ గానీ చేయడం పొడుగాటి దారే, అయినా నిలబడే దారి. ఫీజు కూడా ఆ రెండు లక్షల కంటే చాలా తక్కువే.

మనలాంటివాళ్లను పిలుస్తారా అన్నావు కదా, దానికి మన మదనపల్లె కథ చెప్తా. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడి థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లుండి జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చారని మనందరికీ తెలుసు. ఆయనకు ఆతిథ్యమిచ్చిన ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి, అప్పటి మన చిత్తూరు జిల్లా పిల్లలకు ఇంగ్లిష్ చెప్పినవాడు. ఆయన భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టింది. అదే ఏడాది కజిన్స్ టోక్యోలో కెయో యూనివర్సిటీకి ఇంగ్లిష్ కవిత్వం చెప్పడానికి వెళ్లాడు. అంటే వందేళ్ల కిందటే మన జిల్లా నుంచి జపాన్‌కు ఒక ఇంగ్లిష్ ప్రొఫెసర్ వెళ్లాడు. కాకపోతే తెల్లాయన. నిజం చెప్పాలంటే ఆ తేడా ఇంకా పోలేదు. థాయ్ ప్రైవేటు స్కూళ్లలో బ్రోచర్ మీద వేసుకోవడానికి తెల్ల ముఖం కావాలి, అదే పనికి ఫిలిప్పీన్స్ టీచర్‌కీ మనకీ జీతం తక్కువ. ఇంటర్వ్యూలో నన్ను ఒకచోట "పేరెంట్స్ మీటింగ్ రోజు రావద్దు" అని కూడా అన్నారు, నవ్వుతూనే. ఆ స్కూల్లో చేరలేదులే. ప్రభుత్వ స్కూళ్లలో ఈ గొడవ తక్కువ, పల్లెల్లో ఇంకా తక్కువ, ఎందుకంటే అక్కడికి తెల్లవాళ్లు వచ్చి ఉండరు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, క్లాసులో ఏం చేయాలి. నా అనుభవంలో ఇలాంటి కార్యక్రమాలు చెడిపోయేది రెండు చోట్ల. ఒకటి, వెళ్లినవాడు తనే మాట్లాడటం. తాజ్‌మహల్ పీపీటీ, యోగా, రిపబ్లిక్ డే, చీర కట్టు, ఒక సినిమా పాటకు డాన్సు. పిల్లలు చప్పట్లు కొడతారు, ఫొటోలు దిగుతారు, ఇంగ్లిష్ ఒక్క ముక్క నోట్లోంచి రాదు. రెండోది, స్థానిక టీచర్ని పక్కకు నెట్టేయడం. ఆవిడకు పరీక్షలున్నాయి, పన్నెండో తరగతి పిల్లలను సిద్ధం చేయాలి, సిలబస్ పూర్తి చేయాలి. నువ్వు పది నెలలుండి పోతావు, ఆవిడ ఇరవై ఏళ్లుగా ఆ పిల్లలతో ఉంది. ఆవిడ చెప్పే వ్యాకరణం పాతకాలందని మనకు అనిపించొచ్చు. పిల్లల ముందు ఆవిడ ఉచ్చారణ దిద్దావనుకో, ఇక నీతో ఆవిడ కలిసి పనిచేయదు, పిల్లలు కూడా నిన్ను గెస్టుగానే చూస్తారు. జపాన్‌లో అసిస్టెంట్లు "మమ్మల్ని టేప్ రికార్డర్‌లా వాడుతున్నారు" అని మొత్తుకుంటుంటారు. వాళ్ల బాధలో నిజముంది, కానీ మొదటి నెలలో టేప్ రికార్డర్‌గా ఉండటానికి ఒప్పుకున్నవాళ్లకే రెండో నెలలో క్లాసు దక్కుతుంది అని నా అభిప్రాయం.

మరి ఎక్స్చేంజ్ ఎక్కడ జరుగుతుంది? ఆ ఊరి గురించి నీకు తెలియనిదంతా నీ పాఠమే. పక్కింటి పిల్లాడు నాతో ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి కారణమేమీ లేదు, ఇద్దరికీ ఒకే భాష ఉంది. కానీ ఏమీ తెలియని ఒక పెద్దమనిషి ఎదురుగా కూర్చుని "ఇది ఎలా తింటారు, ఇది ఎందుకు చేస్తారు" అని అడుగుతుంటే, చెప్పాలన్న తపన పుడుతుంది. ఆ తపన ఏ వర్క్‌బుక్కూ పుట్టించలేదు.

ఒక ఉదాహరణ చెప్తా. థాయ్ స్కూళ్లలో ఏటా జూన్‌లో, సాధారణంగా ఒక గురువారం నాడు, వాయ్ క్రూ అని గురువులకు మొక్కే వేడుక చేస్తారు. పిల్లలు ముందురోజు సాయంత్రం కూర్చుని పళ్లేల్లో పూల అలంకారాలు కడతారు. నేను ఊరికే చూద్దామని వెళ్లాను. ఆ పళ్లెంలో ఏముందో చూస్తే గరిక, వంగపువ్వు, నూరువరహాల పువ్వు. మన వినాయక చవితి నాటి గరికే. ఎందుకు అని అడిగాను. పాఠం వేళ నోరు తెరవని ఒక కుర్రాడు చేతులు ఊపుతూ మొదలుపెట్టాడు, "గ్రాస్, టీచర్, పీపుల్ వాక్, కార్ గో, నో డై. రెయిన్ కమ్, గ్రో, గ్రో, గ్రో!" తొక్కినా చావని గరికలా చదువు అల్లుకోవాలని వాళ్ల భావన. వంగపువ్వు పూశాక తల వంచుకుంటుంది, అది వినయం. నూరువరహాల మొగ్గ సూదిలా ఉంటుంది, అది బుద్ధి పదును. ఇవన్నీ ముగ్గురు నలుగురు పిల్లలు ఒకరి మాట ఒకరు అందుకుంటూ, డిక్షనరీ యాప్ చూసుకుంటూ, గొడవపడుతూ చెప్పారు. నేను చేసింది ఏమీ లేదు, "వై?" అని అడగడం, అర్థం కానట్టు ముఖం పెట్టడం. నిజంగానే అర్థం కాలేదు కాబట్టి నటించాల్సిన పనీ పడలేదు. మర్నాడు వాళ్ల టీచర్ ఆ మాటలన్నీ బోర్డు మీద రాసి, ఒక్కో వాక్యాన్ని పిల్లలతోనే సరిచేయించింది. పిల్లలతో కథ చెప్పించడం నా వంతు, వాక్యం సరిచేయించడం ఆవిడ వంతు. జంట బోధన అని పుస్తకాల్లో రాసేది ఇదే. ఆ తర్వాత మన వినాయక చవితికి గరిక ఎందుకు అని వాళ్లు అడిగారు, చెప్పాను. అడిగాక చెప్పాను, గమనించు.

ఉచ్చారణ విషయంలో కూడా మనకో సౌకర్యం ఉంది, దాన్ని లోపం అనుకుని సిగ్గుపడతాం. థాయ్ భాషలో మాట చివర వచ్చే హల్లులు చాలా తక్కువ, కాబట్టి వాళ్లు ఇంగ్లిష్ మాట చివరి శబ్దాన్ని మింగేస్తారు లేదా మార్చేస్తారు. బస్ అంటే "బట్" అవుతుంది, ఫుట్‌బాల్ "ఫుట్‌బాన్" అవుతుంది. మనం దానికి పూర్తిగా ఎదురు, చివర ఒక అచ్చు తగిలించి బస్సు, ఫుట్‌బాలు అంటాం. బోర్డు మీద రైస్, రైట్, రైడ్, రైప్ అని నాలుగు మాటలు ఇంగ్లిష్‌లో రాసి, ఒక పిల్లాడు ఒకటి పలికితే మిగతావాళ్లు ఏదో వేలు పెట్టి చూపించే ఆట పెట్టాను. మొదట ఏ మాట పలికినా అన్నీ "రై" అనే వినపడ్డాయి, క్లాసంతా నవ్వులు. తర్వాత నన్ను పలకమన్నారు. నేను మా అవ్వ పలికినట్టు "రైసు" అన్నాను, ఇంకా నవ్వారు. టీచర్ కూడా తప్పు పలుకుతాడు, దిద్దుకుంటాడు అని చూశాక వాళ్ల భయం పోయింది. అమెరికా నుంచి వచ్చినవాడు ఈ పాఠం చెప్పలేడు, అతనికి ఆ మాట కష్టమని ఎప్పుడూ తెలియలేదు. ఇసాన్ పిల్లలు ఇంట్లో లావో భాషకు దగ్గరైన యాస, స్కూల్లో బ్యాంకాక్ థాయ్, ఆ పైన ఇంగ్లిష్ మాట్లాడాలి. కుప్పంలో, నగరిలో, సత్యవేడులో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడి బడిలో తెలుగు, ఇంగ్లిష్ చదివే పిల్లలను నువ్వు చూసే ఉంటావు. ఆ పిల్లలకు చెప్పిన టీచర్‌కు ఇసాన్ కొత్త కాదు.

మన ఊరి సరుకు అసలు వాడొద్దని కాదు. వాడు, కానీ పిల్లలకు మాట్లాడే పని మిగిలేలా వాడు. అందరూ తిరుపతి నుంచి లడ్డూ పట్టుకెళ్లి పంచి, అది ఎంత పవిత్రమో ఉపన్యాసం ఇస్తారు. లడ్డూ పంచు, పాఠం మాత్రం క్యూ మీద పెట్టు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ ఫొటో ఒకటి చూపించి, వీళ్లు ఎవరు, ఎంతసేపటి నుంచి కూర్చున్నారు, ఎందుకు కూర్చున్నారు అని ఊహించమను. "ఎప్పటినుంచి వేచి ఉన్నారు" అనే వాక్యం ఇంగ్లిష్‌లో చెప్పడానికి అంతకంటే మంచి బొమ్మ నేను చూడలేదు. అలాగే పచ్చి మామిడికాయ. మన దగ్గర తోతాపురి కోసి ఉప్పుకారం అద్దుకుని తింటాం, వాళ్లు ఉప్పు, కారం, చక్కెర కలిపి అద్దుకుంటారు. ఎవరిది మేలు అని వాదన పెడితే పీరియడ్ బెల్లు కొట్టినా ఆగరు.

వెళ్లేముందు ఇక్కడే నేర్చుకోగలిగింది చాలా ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ అనగానే పెద్దింటి పిల్లల రెసిడెన్షియల్ స్కూలే గుర్తొస్తుంది, కానీ చుట్టుపక్కల పల్లెల్లో వాళ్లు నడిపిన చిన్న బడుల పద్ధతి, రివర్ అంటారు, దాన్ని చూడు. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు, పాఠ్యపుస్తకం బదులు కార్డులు, గోడమీద నిచ్చెనలాంటి పటం, ఎవరు ఏ మెట్టు మీదున్నారో పిల్లలే చూసుకుని తర్వాతి కార్డు తీసుకుంటారు. తమిళనాడు ప్రభుత్వ బడుల ఏబీఎల్‌కు (పనులు చేయిస్తూ నేర్పే పద్ధతి) స్ఫూర్తి అక్కడిదే, జర్మనీలో రెగెన్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు దీని మీద కలిసి పనిచేశారు. పిల్లల భాష నీకు రానిచోట, నీ భాష వాళ్లకు అంతంత మాత్రంగా వచ్చినచోట, కార్డులు నిన్ను కాపాడతాయి. అనుమతి అడిగి ఒక రోజు వెళ్లి కూర్చో, టీచర్ ఎంత తక్కువ మాట్లాడుతుందో లెక్కపెట్టు.

రెండోది, నీ స్కూల్లోనే ఎక్స్చేంజ్ మొదలుపెట్టు. విదేశాల్లో ఏదైనా ప్రభుత్వ స్కూలు ఇంగ్లిష్ టీచర్‌తో మాట్లాడి పిల్లల మధ్య ఉత్తరాలు రాయించు. పోస్ట్‌క్రాసింగ్ లాంటివి ఉన్నాయి, 2005లో పోర్చుగల్‌లో మొదలైంది, కార్డు పంపితే ఇంకో దేశం నుంచి ఇంకెవరో నీకు కార్డు పంపుతారు. స్కూలు అడ్రసే ఇవ్వు, పిల్లల ఇంటి అడ్రసులు ఎక్కడా రాయనివ్వకు. తర్వాత ఫుల్‌బ్రైట్ అప్లికేషన్‌లో "నాకు సంస్కృతి మీద ఆసక్తి" అని రాయడం కంటే "మా తొమ్మిదో తరగతి పిల్లలు శ్రీకాళహస్తి కలంకారీ గురించి రాసి పంపిన కార్డులకు వచ్చిన జవాబులివి" అని రాస్తే చదివేవాడు ఆగుతాడు.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తా. పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో 500 రూపాయలు కట్టి పెట్టుకో, తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే పని అవుతుంది, చిత్తూరు నుంచి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లకు ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. జపాన్, కొరియా లాంటి హేగ్ ఒప్పందం దేశాలకైతే అపోస్టిల్ (ఆ దేశాలన్నీ ఒప్పుకునే ధ్రువీకరణ ముద్ర) చాలు, విదేశాంగ శాఖ ఫీజు కాగితానికి 50 రూపాయలే, పైన సర్వీసు ఏజెన్సీ ఛార్జీ కొంత. థాయ్‌లాండ్ ఆ ఒప్పందంలో లేదు కాబట్టి వాళ్ల కాన్సులేట్ ముద్ర కూడా కావాలి, అది చెన్నైలోనే ఉంది. ఇదంతా నువ్వే చేసుకోగల పని. కన్సల్టెన్సీ బిల్లులో "డాక్యుమెంటేషన్" అని పెట్టిన అంకె ఇదే అయి ఉంటుంది, ఒకసారి పోల్చుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వాళ్ల చేతిలో పెట్టకు, ఇప్పటికే ఇచ్చి ఉంటే రేపే వెళ్లి తెచ్చుకో. బయల్దేరేముందు విదేశాల్లోని తెలుగువాళ్ల కోసం మన రాష్ట్రం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీఎస్‌లో వివరాలు నమోదు చెయ్, ఉచితమే, కష్టమొస్తే తెలుగులో మాట్లాడే మనిషి ఫోనెత్తుతారు.

వచ్చే మే నెలకు థాయ్ స్కూళ్లు తెరుస్తారు, ఫిబ్రవరి, మార్చిల్లో టీచర్లను వెతుక్కుంటారు. ఉద్యోగంలాగే వెళ్దామనుకుంటే అప్పటికి టోయిక్ రాసి సిద్ధంగా ఉండు. ఎఫ్‌ఎల్‌టీఏ అనుకుంటే ఈ రెండు నెలల్లో ఇంగ్లిష్ క్లాసులు చెప్తున్న నీ వీడియో ఒకటి తీయించి పెట్టుకో, నువ్వు కాదు, పిల్లలు ఎక్కువ మాట్లాడుతున్న వీడియో. ఆ కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన కాగితంలో వీసా రకం, పని గంటలు, మధ్యలో వచ్చేస్తే కట్టాల్సిన సొమ్ము గురించి ఏం రాశారో, పేర్లు, ఫోన్ నంబర్లు చెరిపేసి ఇక్కడ పెట్టు, చదివి చెప్తాను.